పొగ పొయ్యి ఎవరిది?

1972లో కాల్విన్ ట్రిలిన్ అనే అమెరికన్ రచయిత ప్లేబాయ్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ప్రపంచం మొత్తంలో అన్నిటికన్నా మంచి రెస్టారెంట్ కాన్సస్ సిటీలో, బ్రూక్లిన్ అవెన్యూలో ఉన్న ఆర్థర్ బ్రయంట్స్ బార్బెక్యూ అని అందులో తేల్చేశాడు. ట్రిలిన్ పుట్టిపెరిగింది ఆ ఊళ్ళోనే. అందుకని ఆ మాటలో కొంత వేళాకోళం ఉంది, కొంత సొంతూరి మీద మమకారం ఉంది. కానీ ఆ మాట బాగా అతుక్కుంది. దేశమంతటి నుంచీ జనం వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. ఇవాళ్టికీ చాలామంది ఈ కొట్టు కథని అక్కడి నుంచే చెబుతారు.

నిజానికి ఆ పొయ్యి రాజేసి అప్పటికే అరవై ఏళ్ళు దాటింది.

ముందు ఒక చిన్న సంగతి. హైదరాబాద్‌లో బార్బెక్యూ అంటే మనకి గుర్తొచ్చేది టేబుల్ మధ్యలో నిప్పులు, వాటి మీద చువ్వలకి గుచ్చిన ముక్కలు. కాన్సస్ సిటీలో అది గ్రిల్ కిందికి వస్తుంది. అక్కడ బార్బెక్యూ అంటే కట్టెల సన్నటి సెగమీద, పొగలో, గంటల తరబడి మాంసాన్ని మగ్గనివ్వడం. కరీబియన్ దీవుల్లోని టైనో జనం కర్రలతో కట్టుకున్న మంచెకి వాడిన మాట స్పానిష్‌లో బార్బకోవా అయింది, అది ఇంగ్లీషులో బార్బెక్యూ అయింది. అమెరికా దక్షిణాది తోటల్లో గుంటలు తవ్వి, రాత్రంతా మేలుకుని ఆ నిప్పుని కాచినవాళ్ళు ఎక్కువగా నల్లజాతి బానిసలు. విందు యజమానిది, చాకిరీ వీళ్ళది. బానిసత్వం పోయాక ఊళ్ళు వదిలి వలస వెళ్ళినవాళ్ళు మూటాముల్లెతో పాటు ఈ విద్యని కూడా తీసుకెళ్ళారు.

హెన్రీ పెర్రీ అలా వచ్చినవాడే. టెనెసీలో, మెంఫిస్ దగ్గర పుట్టాడు. కుర్రతనంలో నదుల మీద తిరిగే ఆవిరి పడవల వంటగదుల్లో పనిచేశాడు. 1907లో కాన్సస్ సిటీ చేరాడు. మరుసటి ఏడాది బట్టల ఫ్యాక్టరీలుండే పేటలో, ఒక సందులో బండి పెట్టాడు. ఓక్, హికరీ కట్టెల మీద కాల్చిన మాంసాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇచ్చేవాడు. రేటు 25 సెంట్లు. గొడ్డుమాంసంతో పాటు పోసమ్, రకూన్ లాంటి అడవి జంతువుల మాంసం కూడా అమ్మేవాడు. తర్వాత నల్లవాళ్ళ పేటలోకి, పాత ట్రామ్ షెడ్డులోకి మకాం మార్చాడు. డౌన్‌టౌన్ హోటళ్ళు నల్లవాళ్ళని లోపలికి రానివ్వని రోజులవి. పెర్రీ కొట్టుకి మాత్రం తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఇద్దరూ వచ్చేవాళ్ళు.

ఆ ఊళ్ళోనే ఇది ఎందుకు నిలబడింది? 1871 నుంచి అక్కడ పెద్ద పశువుల సంత ఉండేది. రైళ్ళలో పశువులు దిగేవి, పక్కనే కబేళాలు. షికాగో తర్వాత దేశంలో అంత పెద్ద సంత అదే. మంచి ముక్కలు స్టేక్ హౌస్‌లకి పోయేవి. బ్రిస్కెట్, అంటే ఛాతీ భాగం, గట్టిగా నారలా ఉంటుంది కాబట్టి చవగ్గా దొరికేది. దాన్ని హడావుడిగా వండితే పళ్ళూడతాయి. సన్నటి సెగమీద పది పన్నెండు గంటలు ఓపిక పడితే లోపలి కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, ముక్క వేలితో విడిపోతుంది. 1920, 30ల్లో టామ్ పెండర్‌గాస్ట్ అనే రాజకీయ నాయకుడి అండతో మద్యనిషేధం కాగితాల మీదే ఉండిపోయింది. జాజ్ క్లబ్బులు తెల్లారేదాకా నడిచేవి. కౌంట్ బేసీ బృందం వాయించిన ఊరది, చార్లీ పార్కర్ పెరిగిన ఊరది. అర్ధరాత్రి ఆకలికి పొగలో మగ్గిన మాంసం సిద్ధంగా ఉండేది.

1940లో పెర్రీ పోయాడు. అతని దగ్గర పనిచేసిన చార్లీ బ్రయంట్ కొట్టు తీసుకున్నాడు. 1946లో అది తమ్ముడు ఆర్థర్ చేతికి వచ్చింది. ఆర్థర్ టెక్సస్‌లో కాలేజీ చదువు పూర్తిచేసి, అన్నని చూడటానికొచ్చి ఉండిపోయినవాడు. పెర్రీ సాస్ నోరు మండిపోయేంత ఘాటు. ఆర్థర్ దాన్ని కాస్త తగ్గించాడు. 1958లో కొట్టుని బ్రూక్లిన్ అవెన్యూకి తెచ్చాడు. నాలుగడుగులు వేస్తే మునిసిపల్ స్టేడియం. బేస్‌బాల్ ఆట అవగానే జనం నేరుగా లైన్లోకి వచ్చేవాళ్ళు.

ఇప్పుడు వెళ్ళినా కొత్తవాళ్ళకి మొదట ఎదురయ్యేది ఆ లైనే. వెయిటర్ ఉండడు, పలకరింపులూ ఉండవు. కౌంటర్ దగ్గర అడగాలి, అవతలి మనిషి తెల్ల బ్రెడ్డు మీద గుప్పెడు మాంసం పడేస్తాడు, పక్కన ఫ్రెంచ్ ఫ్రైస్ గుట్ట. సాస్ తియ్యగా ఉంటుందనుకుని వేసుకున్నవాడు ఉలిక్కిపడతాడు: వెనిగర్ పులుపు, నాలుకకి తగిలే కారప్పొడి గరుకుదనం. గోడల మీద ఫొటోలు. ట్రూమన్, కార్టర్ వచ్చి తిన్న చోటిది. 2014లో ఒబామా కూడా వచ్చాడు. ఇంత పేరొచ్చినా ఆర్థర్ మాత్రం దాన్ని గ్రీజ్ హౌస్ అనే పిలిచేవాడు, అంటే జిడ్డు కొంప అని.

ట్రిలిన్ మరీ లొట్టలేసుకుంటూ రాసింది బర్న్‌ట్ ఎండ్స్ గురించి. బ్రిస్కెట్ కోసేటప్పుడు రాలిపడే మాడిన అంచు ముక్కలవి. వాటిని కౌంటర్ మీద ఓ పక్కకి తోసేసేవాళ్ళు, లైన్లో నిలబడ్డవాళ్ళు ఊరికే ఏరుకు తినేవాళ్ళు. అడుగంటిన మాడుచెక్క కోసం గిన్నె గోకిన పిల్లలందరికీ అది అర్థమయ్యే రుచే. ఇప్పుడు వాటికి మెనూలో సొంత పేరు, సొంత ధర. బోటికూర పెద్ద హోటళ్ళ మెనూల్లోకి ఎక్కడం చూసిన మనకి ఇది విడ్డూరంగా ఉండదు.

ట్రిలిన్ వ్యాసం అచ్చయిన ఏడాదే ఫుట్‌బాల్ జట్టు ఆ స్టేడియం వదిలి ఊరి అంచుకి వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది బేస్‌బాల్ జట్టు కూడా వెళ్ళింది. 1976లో స్టేడియాన్ని కూల్చేశారు. ట్రూస్ట్ అవెన్యూకి తూర్పున ఉన్న నల్లవాళ్ళ పేటలకి పెట్టుబడి రాలేదు. కొట్టు మాత్రం ఉంది. బయటి ప్రపంచం దృష్టి దాని మీద పడిన రోజుల్లోనే, దాని చుట్టూ ఉన్న పేట ఖాళీ అవుతూ వచ్చింది.

అసలు విషయం ఏమిటంటే, ట్రిలిన్ కంటే నలభై ఏళ్ళ ముందే, 1932లో, ది కాల్ అనే స్థానిక నల్లవాళ్ళ పత్రిక పెర్రీ గురించి రాసింది. తన విద్య మీద అతనికి ఎంత పట్టుదలో అందులో ఉంది. ఆ పత్రిక చదివేవాళ్ళకి ఈ రుచిని ఎవరూ కొత్తగా కనిపెట్టి చూపించాల్సిన పనిలేదు. ట్రిలిన్ అబద్ధం రాయలేదు, ఆర్థర్‌ని తక్కువా చెయ్యలేదు. కానీ ఎవరి పత్రికలో పడితే అది చరిత్ర అవుతుందో, ఎవరి పత్రికలో పడితే పేట కబురుగా మిగిలిపోతుందో ఈ రెండు వ్యాసాలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

1982లో ఆర్థర్ చనిపోతే, స్వర్గం గుమ్మం దగ్గర సెయింట్ పీటర్ అతన్ని సాస్ తెచ్చావా అని అడుగుతున్నట్టు ఊరి పత్రికలో కార్టూన్ వచ్చింది. ఊరంతా నవ్వుతూ ఏడ్చే స్థాయికి ఒక వంటవాడు చేరాడు. పెర్రీ పేరు బోర్డు మీద లేదు. అయినా ఆ ఊళ్ళో బ్రయంట్స్ గొప్పా, గేట్స్ గొప్పా అని ఇప్పటికీ వాదించుకుంటారు. 1946లో మొదలైన గేట్స్‌లో తొలి వంటవాడు ఆర్థర్ పింకర్డ్. అతను కూడా పని నేర్చుకున్నది పెర్రీ దగ్గరే.