చార్మినారు నగరంలో పరదేశి: సందర్శన, బస – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
హైదరాబాదు పాత నగర చరిత్రను కట్టడాల చరిత్రగా వివరించడం పరిపాటి. నగరానికి వచ్చిన కొత్తవాడు ఎక్కడ ఆగాడు, ఎవరి అనుమతితో లోపలికి వెళ్లాడు, రాత్రి ఎక్కడ తలదాచుకున్నాడు అనే ప్రశ్నలకు అందులో చోటు తక్కువ. కుతుబ్‌షాహీల కాలంలో నగర మధ్యభాగంలోకి పగటి ప్రవేశం, అక్కడ రాత్రి నివాసం రెండు వేర్వేరు హక్కులుగా ఉండేవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: హైదరాబాదు, సరాయి, బస, టావెర్నియర్, దరోగా, యాత్రాచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
ప్రయాణికుని నివాసానికి తెలుగులో విడిది, బస, సత్రం, పూటకూళ్ల ఇల్లు, సరాయి వంటి అనేక పదాలున్నాయి. ఇవి పర్యాయపదాలు కావు. విడిది గౌరవ అతిథికి ఏర్పాటు చేసేది. సత్రం ధర్మార్థం నెలకొల్పినది. పూటకూళ్ల ఇల్లు డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టేది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు తిరిగిన గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ప్రస్తావించినది పూటకూళ్ల ఇంటినే. వచ్చినవాడి స్థాయిని బట్టి అతనికి దొరికే గడప మారుతుందని ఈ పదాలే సూచిస్తున్నాయి. హైదరాబాదు విషయంలోనూ ఈ సూచన పరిశీలించదగినది.

2. ద్వారం వద్ద నిరీక్షణ:
మూసీ నదిపై 1578లో నిర్మించిన వంతెన (నేటి పురానాపూల్) గోల్కొండ మార్గాన్ని ఆవలి ఒడ్డుతో కలిపింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారు కేంద్రంగా కొత్త నగరాన్ని స్థాపించాడు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్, ఈ వంతెనను పారిస్ నగరంలోని ప్రసిద్ధ వంతెనతో పోల్చాడు. అయితే అతని వర్ణనలో అంతకన్నా విలువైనది ద్వారం దగ్గర జరిగిన తంతు. ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని కొత్తవారిని సోదా చేసేవారు. రాజాదాయంలో వాటికి అంత ప్రాముఖ్యం ఉండేది. ప్రవేశానుమతి కోసం ఒక్కొక్కసారి ఒకటి రెండు రోజులు ఆగవలసి వచ్చేది. కావలి సిపాయి తన పై అధికారికి, అతడు దరోగాకు కబురు పంపాలి. దరోగా కనిపించలేదని సిపాయి బొంకి, మరికొంత డబ్బు రాబట్టుకోవడమూ కద్దని టావెర్నియర్ రాశాడు. నగర సందర్శన ఆనాడు ఆదాయంతో, అధికారంతో, లంచంతో ముడిపడిన వ్యవహారం.

3. పగటి నగరం, రాత్రి నగరం:
టావెర్నియర్ ప్రకారం నగరంలో రాజోద్యోగులు, కొలువు పెద్దలు, సైనికాధికారులు నివసించేవారు. వర్తకులు, దళారులు, చేతిపనివారు వెలుపలి పేటలో ఉండేవారు. పగలు పది, పదకొండు గంటలకు వర్తకులు, దళారులు నగరంలోకి వచ్చి, విదేశీ వర్తకులతో బేరసారాలు సాగించి, సాయంత్రం నాలుగు, అయిదు గంటలకు ఇళ్లకు మరలేవారు. పేటలోని రెండు మూడు మసీదులు పరదేశులకు సరాయిలుగానూ ఉపయోగపడేవి. వంతెన దాటి రాజప్రాసాదానికి వెళ్లే వీధిలో మాత్రం చల్లని గదులున్న రెండంతస్తుల సరాయిలు నాలుగైదు ఉండేవి.

ఈ వివరాలను కలిపి చదివినప్పుడు ఒక వైరుధ్యం బయటపడుతుంది. నగర వాణిజ్యాన్ని నడిపే స్థానిక దళారి చీకటి పడకముందే నగరం విడిచి వెళ్లగా, దూరదేశపు వర్తకుడికి రాజవీధిలోనే బస దొరికే అవకాశం ఉంది. పరదేశులలోనూ రాజవీధి సరాయికి చేరినవారు, పేట మసీదులో ఆగినవారు అనే అంతరం కనిపిస్తుంది. కాబట్టి రాత్రి నివాసాన్ని నిర్ణయించినది స్థానికత కాదు; కొలువుకు, కోశానికి ఆ వ్యక్తితో ఉన్న అవసరం అని భావించవచ్చు.

4. మారిన బసలు:
నగరానికి వచ్చే దారుల మీద కూడా కుతుబ్‌షాహీలు సరాయిలు కట్టించారు. షేక్‌పేట సరాయి, హయత్‌నగర్ మసీదు చుట్టూ ఉన్న సరాయి గదులు ఇందుకు నిదర్శనాలు. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారంతో హైదరాబాదు మీదుగా ప్రయాణించాడు. టావెర్నియర్‌ది సరుకుతో వచ్చిన వర్తకుని చూపు. వీరాస్వామయ్యది పరివారానికి నీళ్లు, దినుసులు, నీడ సమకూర్చవలసిన యజమాని చూపు. అందుకే కాశీయాత్ర చరిత్రలో మజిలీల వసతి వివరాలకు అంత ప్రాధాన్యం దక్కింది.

1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ ఏర్పడిన తరువాత బసల కేంద్రం నదికి ఉత్తరంగా జరిగింది. ఏడవ నిజాం కాలంలో స్టేషన్ సమీపాన కట్టిన సరాయి ఈ మార్పుకు గుర్తు. దరోగా అనుమతి స్థానాన్ని రైలు వేళలు ఆక్రమించాయి. అయినా పగలు చార్మినారు చూసి, రాత్రి బయట బస చేసే పద్ధతి మరో రూపంలో కొనసాగింది.

5. ముగింపు:
చార్మినారు, చార్ కమాన్, మక్కా మసీదు నిర్మాతల పేర్లను చరిత్ర భద్రపరచింది. వాటి నీడలో ప్రతిదినం బేరాలు సాగించి, సాయంత్రానికి వంతెన దాటిన దళారుల పేర్లు మిగలలేదు. శిథిలమైన సరాయిలు, యాత్రాకథనాలు, బసకు సంబంధించిన తెలుగు మాటలు వారి ఉనికిని చెప్పగల ఆధారాలు. సరాయి గోడ కూలితే పోయేది ఒక కట్టడం మాత్రమే కాదు. నగరం ఎవరికి రాత్రి చోటిచ్చింది, ఎవరిని పంపివేసింది అన్న ప్రశ్నకు మిగిలిన సాక్ష్యం కూడా పోతుంది. వారసత్వ పరిరక్షణలో రాజభవనాలతో సమానంగా సరాయిలకూ స్థానం దక్కవలసినది ఇందుకే.