గ్రీకుల ఐదు రాళ్లు - మన అచ్చనగండ్లు

పురాతన గ్రీసు దేశమనగానే మనకు ఒలింపిక్ పందెములు జ్ఞప్తికి వస్తాయి. 1896లో ఏథెన్సు నగరంలో వాటిని పునరుద్ధరించిన సంగతి పలువురు ఎరిగినదే. కాని ఆ దేశపు స్త్రీలు, పిల్లలు ఇండ్లలోను వీధులలోను ఆడుకొన్న చిన్న ఆటల చరిత్ర కూడ తెలియదగినదే.

క్రీస్తుశకం రెండవ శతాబ్దిలో ఏథెన్సులో అధ్యాపకుడైన పోలక్స్ అనే పండితుడు గ్రీకు మాటలను విషయాలవారీగా కూర్చి ఒక నిఘంటువు వ్రాశాడు. మాటల కోసం వ్రాసిన ఆ గ్రంథమే ఎన్నో ఆటలను కాపాడింది. అందులో 'పెంతెలిథ' ఒకటి. అనగా ఐదు రాళ్లు. రాళ్లను పైకెగురవేసి అరచేతి వెనుకభాగాన పట్టాలి. క్రిందపడిన వాటిని, చేతిమీదివి జారకుండ, వ్రేళ్లతో ఏరుకోవాలి. ఇది ముఖ్యంగా స్త్రీల ఆట అని కూడ అతడన్నాడు. ఇది విన్న మన ఆడపడుచులు "ఇవి మా అచ్చనగండ్లే గదా!" అనకుందురా? మన పొరుగు తమిళ బాలికలు అంజాంగల్ అనేదీ ఈ కోవలోని ఆటే.

'ఓస్ట్రకిండ' మరొకటి. ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు గల పెంకును ఎగురవేసి "రాత్రి, పగలు" అని కేకవేస్తారు. ఏ జట్టు రంగు పైకి వస్తే ఆ జట్టు తరుముతుంది, రెండవది పరుగెత్తుతుంది. ఈ వివరం ఉన్నందున ఏ బడి ఆవరణలోనైనా దీనిని నేడే ఆడించవచ్చు.

'పెంతె గ్రమ్మయి', అనగా ఐదు గీతల ఆట, గతి వేరు. దాని బల్లలు త్రవ్వకాలలో దొరికాయి. పూర్తి నియమాలు మాత్రం దొరకలేదు. తిరిగి ఆడదలచినవారు కొంత ఊహించుకోవలసినదే. వ్రాసిన ఆట బ్రతికింది. వ్రాయనిది రాతిపై గీతగా మిగిలింది.

ఈజిప్టులో పిల్లలకు పండ్లు, పూలదండలు పంచే ఆటల ద్వారా లెక్కలు నేర్పేవారని ప్లేటో తన 'ధర్మశాసనములు' గ్రంథంలో మెచ్చుకొన్నాడు. వామనగుంటలలో చింతగింజలు పంచే మన బిడ్డ చేసేదీ అదే. మూడు పులులను పదునైదు మేకలతో కట్టివేసే పులిజూదంలో ముందుచూపు అలవడుతుంది.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలకు ఉద్యోగాలకై వచ్చిన మన కుటుంబాలలో ఎందరో పిల్లలకు తెలుగు ఇంటి భాషగానే మిగిలింది. ఆట పోతే దానితో కూడిన తెలుగు లెక్కలు, పందెపు మాటలు కూడ పోతాయి. తరతరాలుగా ఇచటనే ఉన్న తెలుగు పల్లెల అవ్వలు మనకు పోలక్స్ వంటివారు. ఈ యుగాదినాడు మేడమీద ముగ్గుపిండితో పులిజూదం గీయండి. అవ్వలను పిలిచి అడిగి, ఆట నియమాలను వారి మాటలలోనే పిల్లలచేత వ్రాయించండి.