ఆరు చుక్కల లిపి

ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ఒక లెక్క వ్రాసి, "దీనిని ఇక్కడికి మార్చితే ఇది వస్తుంది, చూడండి" అంటాడు. చూపుగల విద్యార్థికి "దీనిని", "ఇక్కడికి" అనే మాటల అర్థం వెంటనే తెలుస్తుంది. చూపులేని విద్యార్థికి ఆ వాక్యంవల్ల తెలిసేది ఏమీ లేదు. అతని తెలివికి లోపం లేదు. బల్లమీది విషయం అతనిని చేరడానికి దారి లేదు. ఆ దారి కొరకు జరిగిన ప్రయత్నాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది బ్రెయిలీ లిపి. దానిని కనిపెట్టినవాడు పదిహేనేండ్ల అంధ విద్యార్థి.

ఉబ్బెత్తు అక్షరాలు

పదునెనిమిదవ శతాబ్ది చివరివరకు ఐరోపాలో అంధులకు చదువు చెప్పవచ్చునని తలచినవారు అరుదు. 1771లో పారిస్‌లోని ఒక సంతలో కొందరు అంధులకు వింత దుస్తులు తొడిగి, చేతికి వాద్యాలు ఇచ్చి, జనం నవ్వుకొనేటట్లు ప్రదర్శించారు. ఆ దృశ్యం వాలెంటిన్ ఆవీ అనే బహుభాషావేత్త మనస్సును కలచివేసింది. 1784లో ఆయన బిచ్చమెత్తుకొంటున్న ఒక అంధ యువకునికి చదువు చెప్పడం ప్రారంభించాడు. మరుసటి సంవత్సరం పారిస్‌లో అంధబాలుర పాఠశాల వెలసింది.

ఆవీ పద్ధతి సులభమైనది. తడిపిన దళసరి కాగితాన్ని పెద్ద పెద్ద అచ్చులమీద ఒత్తితే అక్షరాలు ఉబ్బెత్తుగా లేస్తాయి. విద్యార్థులు వాటిని వేళ్లతో తడిమి చదివేవారు. అంధులు చదువగలరని లోకానికి ఋజువు చేసిన ఘనత ఈ పద్ధతిదే. అయితే ఆ అక్షరాల రూపం కంటి కొరకు ఏర్పడింది. ఒక్కొక్క అక్షరం వంపులను తడిమి గుర్తించడానికి చాలా సమయం పట్టేది. పుస్తకాలు మోయలేనంత బరువుగా ఉండేవి. ఆ అచ్చుల సహాయంతో చదవడమే గాని, విద్యార్థి తన మనస్సులోని మాటను తానుగా వ్రాసుకొనే వీలు లేదు.

జీనులు కుట్టేవాని కుమారుడు

లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న పారిస్‌కు తూర్పున ఉన్న కూవ్రే అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి గుర్రాలకు జీనులు కుట్టేవాడు. మూడేండ్ల వయస్సులో తండ్రి పనిముట్లతో ఆడుకొంటూ ఉండగా ఆరె కంటికి గుచ్చుకొన్నది. ఆ గాయం చెడి రెండవ కంటికి కూడా ప్రాకింది. అయిదేండ్లు నిండేసరికి బాలునికి చూపు పూర్తిగా పోయింది.

తలిదండ్రులు అతనిని ఇంట కూర్చోబెట్టలేదు. చూపుగల పిల్లలతోపాటు గ్రామంలోని బడికి పంపారు. అక్కడ అతడు విన్నదానిని విన్నట్లు గ్రహించేవాడు. కాని చదవడం, వ్రాయడం వచ్చేసరికి అతనికి సాధనం లేదు. 1819లో అతడు పారిస్ పాఠశాలలో చేరాడు.

పన్నెండు నుండి ఆరుకు

1821లో చార్లెస్ బార్బియే అనే ఆయన తాను కల్పించిన ఒక చుక్కల లిపిని ఆ పాఠశాల దృష్టికి తెచ్చాడు. అందులో నిలువుగా రెండు వరుసలు. వరుసకు ఆరేసి చుక్కలు. అచ్చు అక్షరం రూపాన్ని అనుకరించవలసిన అవసరం లేదని బార్బియే గ్రహించడం గొప్ప ముందడుగు. గీతకంటే చుక్క వేలికి సులభంగా తెలుస్తుంది. మొనగల చిన్న పనిముట్టుతో ఎవరైనా చుక్కలు పొడిచి వ్రాసుకోవచ్చును.

లోపాలు కూడా లేకపోలేదు. ఆ లిపి శబ్దాలను మాత్రమే సూచించేది. ఫ్రెంచి మాటల వర్ణక్రమాన్ని, విరామ చిహ్నాలను చూపేది కాదు. పన్నెండు చుక్కల ఎత్తు వేలికొనకు ఒక్కసారిగా అందదు. వేలిని పైకి, క్రిందికి కదిలించి చుక్కలు లెక్కించుకోవలసివచ్చేది.

ఈ చిక్కును విడదీసినవాడు బ్రెయిలీ. 1824 నాటికి అతడు చుక్కలను ఆరుకు తగ్గించాడు. ఎడమవైపు పైనుండి క్రిందికి 1, 2, 3. కుడివైపు 4, 5, 6. ఒక్కొక్క చుక్క ఉండవచ్చును, లేకపోవచ్చును. కనుక రెండును ఆరుసార్లు హెచ్చవేస్తే 64 అమరికలు వస్తాయి. ఒక్క చుక్కయినా లేనిదానిని తీసివేస్తే 63 గుర్తులు మిగులుతాయి. అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు, సంగీత స్వరాలకు కూడా ఇవి చాలును. చుక్కల మధ్య దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఇది వేలికొన వేరువేరుగా గుర్తించగల దూరమే. మొత్తం గుర్తు మాత్రం ఒక్క స్పర్శకు అందుతుంది. ఈ రెండు షరతులు కలిసిరావడమే ఆ లిపి రహస్యం.

నిషేధం, విజయం

బ్రెయిలీ తన పద్ధతిని 1829లో ప్రకటించి, 1837లో సవరించాడు. విద్యార్థులు దానిని ఉత్సాహంతో నేర్చుకొన్నారు. కాని 1840లో పాఠశాల అధిపతి మారాడు. కొత్త అధిపతి ద్యుఫో ఆ లిపిని తరగతులలో నిషేధించాడు. చూపుగలవారు చదువలేని లిపి అంధులను సమాజంనుండి వేరు చేస్తుందని ఆనాడు పలువురి వాదం. ఆ వాదంలో ఒక సందేహం ఉన్నది గాని, దానికి జవాబు నిషేధం కాదు. 1839లోనే బ్రెయిలీ చూపుగలవారు కూడా చదువదగిన మామూలు అక్షరాలను చుక్కలతో వ్రాసే మరొక పద్ధతిని రూపొందించి, ఇరువురి మధ్య వంతెన వేశాడు.

విద్యార్థులు రహస్యంగా ఆరు చుక్కలతోనే వ్రాసుకొన్నారు. 1844లో పాఠశాల కొత్త భవన ప్రారంభోత్సవంలో ఒక విద్యార్థి విన్నదానిని చుక్కలతో వ్రాయగా, ఆ సమయంలో గదిలో లేని మరొక విద్యార్థి వచ్చి తడుముకోకుండా చదివాడు. సభికులకు వేరే ఋజువు అక్కరలేకపోయింది. ద్యుఫో కూడా మనస్సు మార్చుకొన్నాడు. బ్రెయిలీ 1852లో క్షయవ్యాధితో మరణించాడు. ఫ్రాన్సు ఆ లిపిని అధికారికంగా గ్రహించినది 1854లో.

తెలుగులో ఆరు చుక్కలు

భారతదేశంలో తొలి అంధుల పాఠశాల 1887లో అమృత్‌సర్‌లో ప్రారంభమైనది. ఆ తరువాత దేశంలో పలు రకాల చుక్కల లిపులు పుట్టుకువచ్చాయి. ఒక లిపి నేర్చినవారికి మరొక లిపిలోని పుస్తకం పనికిరాదు. 1949లో భారత ప్రభుత్వం ఈ సమస్యను యునెస్కో ముందుంచింది. 1951లో బేరూట్‌లో సమావేశం జరిగింది. ఆ సంవత్సరమే భారతి బ్రెయిలీ స్థిరపడింది.

దీని సూత్రం: భాష ఏదైనా ఒకే ధ్వనికి ఒకే గుర్తు. తెలుగు "క", హిందీ "క", బెంగాలీ "క" అన్నీ 1, 3 చుక్కలే. గుణింతపు గుర్తులు వేరే లేవు. హల్లు తరువాత అచ్చును వ్రాస్తారు. "కి" అంటే "క" తరువాత "ఇ". పొల్లుకు 4వ చుక్క. అది హల్లుకు ముందు వస్తుంది. కనుక "అమ్మ" అనే మాటను "అ", పొల్లు, "మ", "మ" అని నాలుగు గుర్తులతో వ్రాస్తారు. తలకట్టు, ఒత్తులు, వంపులు వేలికి అడ్డురావు.

తరగతి గదిలో

పలకమీద కాగితం బిగించి సూదితో పొడిచే విధానంలో కుడినుండి ఎడమకు వ్రాసి, కాగితం త్రిప్పి చదువవలసి ఉంటుంది. 1951లో అమెరికాలోని పెర్కిన్స్ పాఠశాలలో తయారైన యంత్రంతో ఎడమనుండే వ్రాస్తూ, వ్రాసినది వెంటనే తడిమి చూసుకోవచ్చును. ఉండటం, లేకపోవడం అనే రెండే స్థితులు గల చుక్కలు కంప్యూటరుకు కూడా సులభంగా ఒదిగాయి. తెరమీది పాఠాన్ని చదివి వినిపించే ఎన్‌.వి.డి.ఎ. వంటి ఉచిత సాధనం 2006లో ఆస్ట్రేలియాలో మొదలైనది. దానిని రూపొందించడం ప్రారంభించినవాడు కూడా అంధుడే. చుక్కలను తానే పైకి లేపి దించే పరికరాలు కూడా ఉన్నాయి. భారతదేశంలో 2016నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇతర పిల్లలతో కలిసి చదువుకొనే హక్కును గుర్తించింది.

అయితే ఎంత మంచి పరికరమైనా "ఇది", "అది" అనే మాటలను చదివి చెప్పలేదు. బల్లమీద వ్రాస్తున్నదానిని పైకి చదవడం, త్రిభుజాన్ని అట్టమీద దారంతో అతికించి వేళ్లకు అందించడం, పాఠాన్ని ముందుగానే ఇవ్వడం ఉపాధ్యాయుడు చేయవలసిన పనులు. పైకి చదివితే వెనుక బెంచీలో ఉండి బల్ల సరిగా కనబడని విద్యార్థికి కూడా మేలే. ఒక పద్ధతి పనికివస్తుందా లేదా అని నిర్ణయించవలసినది దానిని వాడే విద్యార్థి. పారిస్ పాఠశాలలో పెద్దలకంటే ముందుగా దానిని తెలుసుకొన్నవారు, నిషేధాన్ని లెక్కచేయక చుక్కలు పొడుచుకొన్న ఆ పిల్లలే.