దేవుడి పేరు మీద దొరికిన సెలవు

నల్లగొండలో నా దగ్గర చదివే నర్సింగ్ పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టుకు టాపిక్ ఎంచుకోమంటే చాలామంది ఒత్తిడి అనే అంటారు. ప్రశ్నావళి రెడీగా దొరుకుతుంది మరి. 1983లో అమెరికాలో షెల్డన్ కోహెన్ బృందం తెచ్చినదానికి పది ప్రశ్నల రూపం అది. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40 మార్కులు. ముందు పేజీల్లో 1936 నాటి హాన్స్ సెల్యే, ఒత్తిడి మీద ఆయన ఎలుకల ప్రయోగాలు. ఆ వెంటనే ప్రాణాయామం. మధ్యలో మన జిల్లా ముచ్చట ఒక్క పేరా కూడా ఉండదు. మన దగ్గర మనుషులకు మనాది కొత్తగా పుట్టిందా ఏమన్నా?

మా అమ్మమ్మ కాలంలో ఆడమనిషి రంది పెట్టుకుని తిండి మానేస్తే ఊరు అడిగే మొదటి మాట, "గుట్టకు తీస్కపోయిండ్రా?" గుట్ట అంటే యాదగిరిగుట్టే. 2016 దాకా నల్లగొండ జిల్లాలోదే. అక్కడి స్వామిని వైద్య నరసింహుడంటారు. కలలోకొచ్చి మందిస్తాడని, ఆపరేషన్ కూడా చేస్తాడని నమ్మకం. చంటిబిడ్డ పోయాక అమ్మమ్మ అక్కడ మండలం ఉండి వచ్చింది. తెల్లవారకముందే గుండంలో మునిగి, తడిబట్టలతోనే ప్రదక్షిణలు. తీర్థం తీసుకుని, సత్రం దగ్గర మూడు రాళ్ల పొయ్యి మీద ఇంత వండుకునుడు. పొద్దుగూకేముందు మళ్లీ ప్రదక్షిణలు. పక్క చాప మీద మాట పడిపోయిన ముసలాయన, అవతల పిల్లలు కాలేదని వచ్చిన కోడలు. ఎవరి కథ వాళ్లు చెప్పుకునేవాళ్లట. "స్వామి కలలోకి రాలే గానీ, నిద్రైతే వచ్చింది" అనేది అమ్మమ్మ.

నర్సు కళ్లతో చూస్తే నాకు అందులో వైద్యం కనిపిస్తుంది. వేళకు నడక, వేళకు తిండి, వేళకు నిద్ర, పక్కన సాటి బాధితులు. అన్నిటికంటే ముఖ్యం, అన్ని రోజులు నాటు లేదు, కలుపు లేదు, అత్తగారి కేక లేదు. కోడలిని నాలుగు రోజులు పుట్టింటికి పంపని ఇల్లు కూడా గుట్టకు పంపనని అనలేకపోయేది. దేవుడి పేరు చెప్తే తప్ప దొరకని సెలవు అది. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టులో అమావాస్యకు నిద్ర చేయడమూ, జాన్‌పహాడ్ దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసి పోవడమూ ఆ దారివే.

అట్లని వెనకటిదంతా బంగారం అనను. ఫిట్స్ గోలీలు ఆపేసి నిద్రలు చేయించినవాళ్లను చూశాను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేస్తే, దర్గా వైద్యం కోసం వచ్చి గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. గొలుసులు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అందుకే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పోస్టింగులో కేసు రాసేటప్పుడు పిల్లలకు చెప్తాను: ఇంతకుముందు ఏ గుడిలో, ఏ దర్గాలో ఉన్నారో అడగండి, వెక్కిరించకుండా రాయండి, గోలీలు ఎప్పుడు ఆపారో పక్కనే రాయండి.

ఇక ఆ రాసే పిల్ల సంగతి. పద్దెనిమిదేళ్లకు దేవరకొండ అవతల తండా నుంచి హాస్టల్‌కు వస్తుంది. మొదటి నైట్ డ్యూటీలోనే మొదటి చావు చూస్తుంది, పొద్దున్నే రికార్డు సబ్మిట్ చేయాలి. ఎదురుచూపులు, ఏమవుతుందో తెలియకపోవడం రోగిని శ్రమకన్నా ఎక్కువ దెబ్బతీస్తాయని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. వైవా గది బయట నిలబడ్డ పిల్ల మాత్రం మనిషి కాదా?

ప్రాణాయామం చేయిస్తాం, కాదనను. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా నోటీసు బోర్డు మీద అంటించాను. దాని పక్కనే డ్యూటీ చార్టు ఉంటుంది. నైట్లు అయిన పిల్లకు తెల్లారి ఆఫ్ రాయమని ప్రతి నెలా కొట్లాడతాను. ఒక నెల రాస్తారు, ఒక నెల స్టాఫ్ లేరంటారు.