పరదేశి దారిబత్తెము

పరదేశి యను మాటకు మనవారి వాడుకలో రెండర్థములు గలవు: అన్యదేశీయుడనియు, దిక్కులేనివాడనియు. ఊరు మారినకొలది యాత్రికుని వ్యయ మేల మారునో తెలిసికొనుటకు ఈ రెండర్థములును అవసరమే.

నిరుడు నా పూర్వశిష్యుడొకడు విదేశీయుడగు మిత్రునితో తిరుపతికి వచ్చెను. కొండమీద ఆ యతిథికి కాసైన నడుగక కడుపునిండ భోజనము పెట్టిరి. దిగి వచ్చినపిమ్మట మైలుదూరమునకు ఆటోబండివా డొకడు మేమిచ్చుదానికి మూడింత లడిగి పుచ్చుకొనెను. ఆయన తన లెక్కపుస్తకము తెరచి, "మీ యూరు చవుకయా, ప్రియమా?" యని నన్నడిగెను.

1830 మే 18వ తేదిని చెన్నపురినుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తిరుపతిమీదుగనే పోయిరి. 1838లో అచ్చయిన వారి యాత్రాచరిత్రమున మజిలీమజిలీకిని బాట యెట్టిది, నీరు గలదా, అంగళ్లు గలవా యను వివరములు కానవచ్చును. బోయీలతో సాగు ప్రయాణమున బాట చెడినచో దినములు పెరుగును. దినములు పెరిగినచో కూలియు బత్తెమును పెరుగును. కావున దూరముకంటె దారియే ఖర్చును నిర్ణయించెడిది.

దారి తరువాతిది ద్వారము. గయా, ప్రయాగ, జగన్నాథములలో కుంపిణీవారు యాత్రికులపై పన్ను గొనుచు 1840లో దానిని మానిరి. జగన్నాథమున మొదటితరగతి యాత్రికుడు ఉత్తరమునుండి వచ్చిన 10 రూపాయలు, దక్షిణమునుండి వచ్చిన 6 రూపాయలు చెల్లింపవలసియుండెను. దేవుడొక్కడే, గుడి యొక్కటే. వచ్చిన దిక్కును బట్టి వెల! తిరుమల దేవాలయమును సైతము 1801 మొదలు 1843 వరకు కుంపిణీవారి యధికారమున నుండి వారి బొక్కసమునకు ఆదాయ మొసగినదే.

పిమ్మట రైలు వచ్చినది. చిత్తూరును తిరుపతియు కాట్పాడినుండి పాకాలమీదుగా వచ్చు నొకే యినుపదారి నున్నవి. 1944లో కొండకు ఘాటురోడ్డు తెరువబడి, కాళ్లును డోలీయు తప్ప గతిలేనివారికి బస్సు కలిగెను. దారి సమమయ్యెను, వెలలు మాత్రము సమము కాలేదు. ఏలయన, 1911లో జిల్లాకు ముఖ్యపట్టణమైన చిత్తూరికి జనులు కచ్చేరీపనికై వచ్చి, పలువురు సాయంకాలమునకే మరలుదురు. తిరుపతికి వచ్చువాడు రాత్రి నిలుచును. అట్టివారు వేలకొలది యుండుటచే బండిబాడుగ పలువురికి పంపకమగును. దాతలు సత్రములు కట్టిరి. 1985లో దేవస్థానమువారు నిత్యాన్నదానము ప్రారంభించిరి. కాని యా గుంపే బ్రహ్మోత్సవ దినములలో ప్రైవేటు వసతిగృహముల యద్దెను ఆకాశమున కెత్తును. ధర్మము చేసిన చవుకయు, రద్దీ చేసిన ప్రియమును ఒకే వీధిలో నుండును.

విదేశీయునికి మరియొక భారము గలదు. అతడు తరచుగా చెన్నపురిలోనో బెంగుళూరిలోనో దిగి యిచటికి రావలెను, భాష తెలియదు, వాడుక వెల తెలియదు. చంద్రగిరి రాజమహలులో ప్రభుత్వము వారును విదేశీయునివద్ద హెచ్చు రుసుము గొందురు. అది న్యాయమో కాదో వాదింపవచ్చును; కాని యది పలకపై వ్రాసియున్నది. మన బండివాని వెల యెచటను వ్రాసిలేదు. అది ఎదుటివాని మొగము చూచి పుట్టును.

"ధనవంతుడగు విదేశీయుడు పదిరూపాయ లెక్కువ యిచ్చిన నేమి?" యని కొందరందురు. మొగము చూచి వెలకట్టు నలవాటు ధనవంతునితో నిలిచిపోదు. ఒడ్రదేశమునుండి వచ్చిన కూలివానికిని, మహారాష్ట్రమునుండి బిడ్డ నెత్తుకొని వచ్చిన వితంతువునకును తెలుగు రాదు. వారును పరదేశులే, రెండవ యర్థమునను పరదేశులే.

ఆనాడు బండివాడు మూడింత లడిగినప్పుడు నేను ప్రక్కనే యుంటిని. నలుగురిలో తగవేలయని యూరకుంటిని. అతిథి ప్రశ్నకు నేడు నా యుత్తరమిది: మా యూరు చవుకయే; నావంటివారి మౌనమే ప్రియము. రైలుస్టేషనునొద్దను బస్సుల యడ్డాయొద్దను బాడుగల పట్టికను పలుభాషలలో వ్రాయించుట అధికారుల పని. పట్టిక లేనిచోట నోటితో సరియైన వెల చెప్పుట యింటింటివారి పని.