కట్టినవాడు, ఎగరేసినవాడు



“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెతలో బరువంతా ‘కట్టి’, ‘చేసి’ అన్న మాటల మీదనే ఉంది. చేయకుండా చూసినవాడికి అందని జ్ఞానం ఒకటుందని దాని తాత్పర్యం. విమానశాస్త్రం నా విద్య కాదు. నేను తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణి. అయినా పిల్లలు తమ చేతులతో బొమ్మ విమానాలు కట్టుకొనే ఒక చక్కని అలవాటు పాశ్చాత్య దేశాలలో ఎలా పెరిగి ఎలా తరిగిందో చదివినప్పుడు, అది ఉపాధ్యాయులందరూ తెలుసుకోదగ్గ చరిత్ర అనిపించింది.

1871లో ఆల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు మెలిపెట్టిన రబ్బరు శక్తితో నడిచే చిన్న విమానాన్ని పారిస్‌లో ఎగరవేశాడు. అది పదకొండు సెకన్లలో దాదాపు 40 మీటర్లు పోయింది. అతని పద్ధతిలోనే తయారైన ఎగిరే బొమ్మ ఒకటి 1878లో అమెరికాలో ఒక తండ్రి తన కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలే రైట్ సోదరులు. వారు దానితో ఆడుకొని ఊరుకోలేదు. దాన్ని చూసి అలాంటివే మరికొన్ని స్వయంగా చేశారు. కథకు మూలం ఇక్కడే ఉంది.

1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన తరువాత అమెరికా బాలురకు విమానాల పిచ్చి పట్టింది. గిల్లో, కామెట్ వంటి కంపెనీలు కర్రముక్కలు, పలుచని కాగితం, నమూనా పటం ఒక పెట్టెలో పెట్టి అమ్మసాగాయి. ఆర్థికమాంద్యపు రోజుల్లో పది సెంట్లకే ఒక పెట్టె దొరికేది. అందులోని కర్ర బాల్సా. ఈక్వడార్ అడవుల్లో త్వరగా పెరిగే చెట్టు అది. స్పానిష్ భాషలో ‘బాల్సా’ అంటే తెప్ప. నీటిమీద తేలే కర్ర గాలిలోనూ తేలిందన్నమాట!

పెట్టె కొన్నంతమాత్రాన విమానం రాదు. పటాన్ని బల్లమీద పరచి, రెక్కలోని పక్కటెముకలను బ్లేడుతో ఒక్కొక్కటే కోసి, గుండుసూదులతో నిలిపి, జిగురు ఆరేదాకా ఆగాలి. పైన కాగితం అతికించి నీళ్ళు చిలకరిస్తే ఆరుతూ బిగుసుకుంటుంది. రెక్క ఏ కొంచెం మెలిపడినా విమానం వంకరగా పోతుంది. ముక్కు తేలికైతే పైకి లేచి కూలబడుతుంది. గురుత్వకేంద్రం ఎక్కడుండాలో ఆ పిల్లవాడికి పుస్తకం కంటే ముందు వేళ్ళే చెప్పేవి. నా తరగతుల్లో పద్యాలు కంఠస్థం చేసినవారు ఎందరో ఉండేవారు. తానే ఒక ఆటవెలది కట్టినవాడికి మాత్రం యతి ఎక్కడ బిగుస్తుందో నేను వేరే చెప్పవలసిన పని ఉండేది కాదు.

ఈ విద్యను ఆటగా తీసిపారేయడానికి వీలులేదు. 1942లో అమెరికా నౌకాదళం శత్రు, మిత్ర విమానాలను గుర్తుపట్టే శిక్షణ కోసం 5,00,000 చెక్క నమూనాలు చేసిపెట్టమని పాఠశాలల విద్యార్థులను కోరింది. చిన్ననాట నమూనా విమానాల పోటీల్లో రాణించిన పాల్ మెక్‌క్రెడీ, 1977లో మనిషి కాలి బలంతోనే ఎగిరే గోసమర్ కాండర్‌ను నిర్మించి క్రెమర్ బహుమతి గెలిచాడు.

మరి తరుగుదల ఎలా వచ్చింది? 1950ల నుంచి ప్లాస్టిక్ నమూనాలు విరివిగా వ్యాపించాయి. అవి అతికించడానికి సులువు, కాని ఎగరవు. రేడియోతో నడిపే విమానాలు వచ్చాక అందరి దృష్టీ నడపడం మీదికి మళ్ళింది. ఆపైన దాదాపు పూర్తిగా కట్టినవే అమ్మకానికి వచ్చాయి. చైనాలో కూలి చవక కావడంతో, కర్రలపెట్టె, జిగురు, పైకప్పు విడిగా కొన్న ఖర్చుకూ, కట్టిన విమానం ధరకూ పెద్ద తేడా లేకపోయింది. 2000ల తరువాత నురుగు శరీరాలు, లిథియం బ్యాటరీలు, ఆ వెనుకనే డ్రోన్లు. ఎగరేసేవాడే కట్టినవాడై ఉండాలన్న నియమం పోటీల్లో ఒక్కొక్క విభాగంలో సడలింది. గ్రేట్ ప్లేన్స్, టాప్ ఫ్లైట్ పేర్లతో పెట్టెలు అమ్మిన హాబికో సంస్థ 2018 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. 2020లో గాలిమరల రెక్కల కోసం బాల్సాకు గిరాకీ పెరిగి కర్రకే కరువు వచ్చింది.

కొత్తదాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. మూడు నెలల శ్రమ మొదటి ఎగురుడులోనే ముక్కలై, ఈ విద్యకే దండం పెట్టిన పిల్లలు ఎంతమందో! నురుగు విమానం పదిసార్లు పడినా లేస్తుంది. పేద, బిడియపు పిల్లవాడికీ ధైర్యమిస్తుంది. లేజరుతో కర్ర కోసే చిన్న తయారీదారుల వల్ల కట్టడం పూర్తిగా అంతరించనూ లేదు. కాని అది ఒకప్పుడు ప్రతి బాలుడూ దాటే తొలిమెట్టు. తరువాత కొద్దిమంది పెద్దల అభిరుచి అయింది. నష్టం ఆ తేడాలో ఉంది.

పడిపోయిన విమానాన్ని చూసి “కొత్తది కొనండి” అనే పిల్లవాడూ, “రెక్క ఎక్కడ మెలిపడింది?” అని వెతికే పిల్లవాడూ ఒకే పాఠం నేర్చుకోరు. మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలో ఏరోమోడలింగ్ ఒక భాగం. అలాంటి అవకాశం ఉన్న బడిలో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులకు నాదొక్క మనవి: పిల్లల చేతికి రిమోట్ ఇవ్వండి, వద్దనను. దానికంటే ముందు ఒక కర్రముక్క, ఒక బ్లేడు ఇచ్చి, పక్కన కూర్చోండి.

స్వస్తి.