ఓరుగల్లు కోట ముందు గ్రీకు తర్కం

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ రూపుదిద్దిన గ్రీకు తత్త్వశాస్త్రం, క్రీ.శ. 9వ శతాబ్ది నాటికి బాగ్దాదు అనువాదకుల కృషితో అరబ్బీలోకి వచ్చి, ఇబ్న్ సీనా వంటి వ్యాఖ్యాతల వలన విస్తరించి, అక్కడి నుండి రెండు దిక్కులకు సాగింది. పడమటికి వెళ్లినది 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడో నగరంలో లాటిన్‌లోకి మారి పారిస్ విశ్వవిద్యాలయానికి చేరగా, తూర్పుకు వచ్చినది పారసీక విద్వాంసుల వెంట ఢిల్లీకి, ఢిల్లీ సేనల వెంట ఓరుగల్లు కోట దాకా వచ్చింది.

రెండు చోట్లా సంప్రదాయవాదులు దానిని అనుమానంగానే చూశారు. ఓరుగల్లులో కాకతీయ సింహాసనంపై రుద్రమదేవి ఉన్న కాలంలోనే, 1277లో, పారిస్ బిషప్ తాంపియే 219 తాత్త్విక ప్రతిపాదనలను నిషేధించాడు. ఢిల్లీలో ఆ పని చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ కలం చేసింది: ఉలుగ్ ఖాన్, అంటే తరువాతి కాలపు ముహమ్మద్ బిన్ తుగ్లక్, యౌవనంలో తార్కికుడు సాదు, కవి ఉబైదు, తత్త్వవేత్త నజ్మ్ ఇంతిషార్‌ల సాంగత్యం వలన బుద్ధికి అందనిదేదీ నమ్మనివాడయ్యాడని, అతని క్రౌర్యానికి మూలం అదేనని బరనీ వ్రాశాడు. పాలకుడి కాఠిన్యాన్ని అతడు చదివిన శాస్త్రానికి అంటగట్టడం తేలికైన తీర్పు. బరనీ మాటను ఆ మేరకు తగ్గించుకొని చదవాలి.

ఈ ఉబైదు పేరు ఓరుగల్లు ముట్టడిలోనూ వినిపిస్తుంది. ఉలుగ్ ఖాన్ మొదటి దండయాత్రలో, వెలుపలి మట్టికోటను, లోపలి రాతికోటను సేనలు చుట్టుముట్టి ఉండగా, అంతకుముందు వారానికి రెండు మూడుసార్లు అందుతూ వచ్చిన ఢిల్లీ సుల్తాను లేఖలు సుమారు నెలరోజులపాటు ఆగిపోయాయి. ఆ సందులో సుల్తాను మరణించాడని, యువరాజు ఉలుగ్ ఖాన్ అమీర్లను చంపదలచాడని ఉబైదు, అతని సహచరుడు పుట్టించిన వదంతి శిబిరాన్ని చెదరగొట్టింది. ముట్టడి విఫలమై యువరాజు దేవగిరికి వెనుదిరిగాడు, ఉబైదుకు ఢిల్లీలో మరణశిక్ష పడింది.

కోట లోపలి విద్యకూ తనదైన తర్కం ఉంది. అరిస్టాటిల్ తర్కంలో అనుమానం మూడు వాక్యాలతో ముగిస్తే, న్యాయశాస్త్రం ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే ఐదు అవయవాలతో నడుస్తుంది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుని ఆస్థాన పండితుడు విద్యానాథుడు తన అలంకారగ్రంథంలో తర్కం మీద నిలిచే అలంకారాలకు కూడా చోటిచ్చాడు.

1323లో తిరిగి వచ్చిన ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకోగా ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. కేవలం కాకతాళీయమే గాని, అరిస్టాటిల్‌ను క్రైస్తవ వేదాంతంతో పొసగించిన థామస్ అక్వినాస్‌ను పోపు 22వ జాన్ పునీతుడిగా ప్రకటించినది కూడా అదే సంవత్సరం జులైలో.